కురుమయ్య మాగబెట్టిన సీసా

కురుమయ్యకు కొత్తది ఏదైనా సరే, నమ్మకం కుదరదు. ఏ వస్తువైనా కొన్నాళ్ళు ఓ మూలన పడి మాగితేనే దాని అసలు గుణం బయటికొస్తుందని ఆయన గట్టి అభిప్రాయం. మామిడికాయల సంగతైతే ఈ మాట ఎవరైనా ఒప్పుకుంటారు. కురుమయ్య చెప్పుల్ని కూడా మాగబెట్టేవాడు.

నార్కట్‌పల్లి అంగట్లో కొన్న కిర్రుచెప్పులు ఇంట్లో దూలానికి వేలాడుతుంటే, ఆయన వట్టి కాళ్ళతో గొర్రెల వెంట తిరిగేవాడు.

"ముండ్లు ఇరుగుతున్నయి గదయ్యా, ఏసుకోరాదు?" అనేది భార్య సోమమ్మ.

"తోలు ఇంకా పచ్చిగున్నదే. జర మాగనియ్యి."

తోలు మాగే లోపల ఎలుకలు ఒక చెప్పును పూర్తిగా తినేశాయి. మిగిలినదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ వంచి చూసి, "సూడు, ఎంత మెత్తగైందో!" అని మురిసిపోయాడు కురుమయ్య.

ఒకసారి చలిజ్వరం వస్తే నల్లగొండ దవాఖానలో మాత్రలిచ్చారు. వాటిని తెచ్చి ఉట్టిలో పెట్టి, గొంగడి కప్పుకుని పడుకున్నాడు. కొన్నాళ్ళకు జ్వరం దానంతటదే పోయింది. "మందు ఇంట్ల మాగుతాంటెనే జెరం బెదిరింది. మింగితే ఏమయ్యేదో!" అని ఊరంతా చెప్పుకొచ్చాడు.

అలాంటి మనిషి, జాగీర్లు పోయిన మరుసటి ఏడు, తాను నేసిన గొంగళ్ళు మూట కట్టుకుని అమ్ముకు రావడానికి హైదరాబాదు పోయాడు. వచ్చేటప్పుడు ఇత్తడి బిందె తెస్తానని సోమమ్మకు మాటిచ్చాడు. సాయంత్రం బస్సు దిగినవాణ్ణి చూసి ఆమె ఎదురెళ్ళింది. తల మీద మూట లేదు. చంకలో బిందె లేదు. అప్పుడే ఈనిన గొర్రెపిల్లను పట్టుకున్నట్టు రుమాలులో దేన్నో చుట్టి రొమ్ముకు ఆనించుకుని నడుస్తున్నాడు.

"ఏందది?"

"షరాబు."

"గొంగళ్ళు ఏమైనయి?"

"షరాబు అయినయి."

"మరి బిందె?"

"అది గూడ గిండ్లనే ఉన్నదే."

సోమమ్మ వీధిలోనే చతికిలపడింది.

జరిగిందేమంటే, పట్నంలో ఒక నవాబు దేవిడీ భవంతిలో సామాన్లు హర్రాజు వేస్తున్నారు. అద్దాలు, కుర్చీలు, గుర్రపు జీన్లు అన్నీ ఎవరెవరో పట్టుకుపోయారు. దుమ్మూ బూజూ పట్టిన ఒక్క సీసా మాత్రం మెట్ల మీద మిగిలింది. పక్కన కూర్చున్న ముసలి వంటాయనను కురుమయ్య అదేమిటని అడిగాడు. ఫ్రాన్సు దేశపు ద్రాక్షపండ్ల ఎర్ర షరాబు అనీ, అంత పేరున్నది నవాబుల ఇండ్లలో కూడా అరుదనీ ఆయన చెప్పాడు. పీపాలో కొన్నేళ్ళు, సీసాలో మరికొన్నేళ్ళు పండుకోబెడితేనే దానికి రుచి వస్తుందన్నాడు.

ఆ మాటతో కురుమయ్య గొంగళ్ళ మూట విప్పేశాడు.

"మన లగ్గం కంటె ముందు నుంచి మాగుతాందే గిది! సముద్రం అవుతల నాసొంటోడు ఒకడున్నడు," అన్నాడు భార్యతో. ఇన్నేళ్ళుగా ఊరంతా నవ్విన తన మాటకు ఒక దేశమే సాక్ష్యం పలికింది మరి.

"ఇన్నేండ్లు మాగినంక ఇంకేం గావాలె? తియ్యి."

"బస్సు కుదుపులకు అలిసింది. జర కుదురుకోనియ్యి."

నీళ్ళకుండ పక్కన ఇసుక పోసి, తడిపి, సీసాను దాని మీద అడ్డంగా పండుకోబెట్టాడు. వంటాయన అట్లనే చెప్పాడట. రోజూ పొద్దున్నే గడప దగ్గరికి తెచ్చి ఎండకు ఎత్తి పట్టేవాడు. అరచేతిలో ఎర్రటి వెలుగు పడేది. దాన్ని చూస్తూ గుటక మింగి, మళ్ళీ జాగ్రత్తగా పండుకోబెట్టేవాడు. గొర్రెలు అరుస్తున్నా ఆ గుటక మింగనిదే కదిలేవాడు కాదు.

ఊరికి ఇది తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఎదురింటి జానయ్య రోజుకోసారి వాకిట్లోకి వచ్చేవాడు.

"ఉగాదికి తీస్తవా, అన్నా?"

"ఎండలు మండుతున్నయి, తమ్మీ. వేడి మీద తియ్యొద్దు."

వానలు పడ్డాక అడిగితే, ఉరుములకు సీసాలో కలక పుట్టిందన్నాడు. దసరాకు అడిగితే, కలక ఇప్పుడిప్పుడే కిందికి దిగుతున్నదన్నాడు. చలికాలం అడిగితే, "చలికి ముడుచుకున్నది, పాపం" అన్నాడు. ఊళ్ళో ఎవరైనా బాకీ ఎగ్గొడుతుంటే, వాడు 'కురుమయ్య సీసా' చేస్తున్నాడనడం మామూలైంది.

సోమమ్మ దీన్నంతా సహించేదే గానీ, ఆమెకు మింగుడుపడనిది ఒకటుంది. మొదటి గిలాస సైదులుకు ఇస్తానని కురుమయ్య మాటిచ్చాడు. గిలాస అన్నకు కాదు, తమ్ముడికి కాదు, సైదులుకు! పక్కింటి సైదులు సారా తాగి చెట్టు కింద పడి ఉంటే, వాడి మందలో సగం తోడేళ్ళ పాలైన సంగతి ఊరందరికీ తెలుసు. అలాంటివాడు ఇప్పుడు రోజూ పొద్దుగూకగానే వచ్చి, నీళ్ళకుండకు ఎదురుగా కూర్చుంటాడు. కురుమయ్య వాడికి ఉన్ని వడకడం అప్పజెప్పి, పట్నం కబుర్లు చెబుతాడు. ఇద్దరూ మధ్యమధ్య సీసా వంక చూస్తారు.

"నా ఇల్లేమన్న సారా దుకాణమా?" అని సోమమ్మ గిన్నెలు విసిరేది. ఇద్దరూ ఉలిక్కిపడి ముందు సీసా వైపే చూసేవారు.

ఇలా ఉండగా నార్కట్‌పల్లిలో లారీలు తిప్పే ఒక సేటు చెవిన ఈ కబురు పడింది. సీసా ఇస్తే ఈనబోయే గొర్రెల్ని తోలిస్తానని మనిషిని పంపాడు. కురుమయ్య గొర్రెల్ని మేపడానికి పోయి ఉన్నాడు. సోమమ్మ ఒక్క క్షణం కూడా మాగబెట్టలేదు. సీసాను కొంగులో చుట్టుకుని, బస్సు దగ్గర కూర్చున్న ఆ మనిషికిచ్చి వద్దామని బయల్దేరింది.

సందు మలుపులో సైదులు భార్య ఈదమ్మ ఎదురైంది. కొంగులోంచి తొంగిచూస్తున్న సీసా మెడను చూసి చేతిలోని గంప కింద పడేసింది.

"అక్కా! నీ కాల్మొక్త, దాన్ని ఏడికి కొంటవోతున్నవ్?"

"గొర్రెలకు బదులు ఇచ్చి పారేస్త. నీ మొగనికి మొదటి గిలాస పోసేందుకు నేను గొంగళ్ళకు ఉన్ని వడికిన్నా?"

"ఇయ్యకక్కా. అది ఇంట్ల ఉంటేనే నా ఇల్లు నిలుస్తది." ఈదమ్మ సోమమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "బావ గిది తెచ్చిన నాడే మా ఆయనతోని చెప్పిండు. 'తమ్మీ, గిది పట్టింపు గల్ల షరాబు. సారా అంటిన నాలికెకు దీని రుచి తెల్వది. నీ నాలికె సాఫ్ చేసుకో, మొదటి గిలాస నీదే' అని. గంతే. ఆ దినం నుంచి ఆయన దుకాణం ముందటికెల్లి పోతలేడు. తీసే పండుగ దగ్గరికి రాంగనె బావ ఏదో ఒకటి చెప్పి ముందటికి జరుపుతుండు. ఈయన మళ్ళ ఆగుతుండు."

సోమమ్మ సీసాను మళ్ళీ కొంగులోకి సర్దుకుంది.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే నువ్వు మా ఆయన మీద జాలి పడ్తవట. జాలి సూపు సూస్తే ఆయనకు తెలిసిపోతదట. నువ్వు కోపంగ ఉంటేనే మంచిదన్నడు బావ."

ఇన్ని నెలలుగా తాను విసిరిన గిన్నెలన్నీ కూడా మొగుడి లెక్కలో భాగమేనని తెలిసి, సోమమ్మకు కోపం రావాలో నవ్వు రావాలో అర్థం కాలేదు. చివరికి నవ్వే వచ్చింది. వెనక్కి తిరిగి ఇంటికొచ్చింది.

సాయంత్రం కురుమయ్య వచ్చి చూస్తే సీసా మూతి అటు ఉండాల్సింది ఇటు ఉంది. గిర్రున సోమమ్మ వైపు తిరిగాడు.

"ఇసుక ఎండింది. నీళ్ళు సల్లిన," అంది ఆమె పొయ్యి ఊదుతూ.

ఆనాటి నుంచి ఇసుక తడిపే పని సోమమ్మదే అయింది. సైదులు రాగానే ఒక గిన్నె విసరడం మాత్రం మానలేదు.

మరో ఎండాకాలం గడిచింది. ఆ యేడు సైదులు మంద బాగా ఈనింది. ఒకనాడు పొద్దున్నే వాడు తలకు పోసుకుని, ఉతికిన ధోవతి కట్టి, కురుమయ్య వాకిట్లో నిలబడ్డాడు.

"అన్నా, ఇయ్యాల తీద్దాం."

కురుమయ్య ఆకాశం వైపు చూశాడు. సాకు చెప్పడానికి ఒక్క మబ్బూ లేదు.

"ఇంట్ల గిలాసలు లెవ్వు," అంది సోమమ్మ గబుక్కున.

సైదులు రుమాలులోంచి గాజు గిలాస తీసి అరుగు మీద పెట్టాడు. జానయ్య అప్పటికే వచ్చి కూర్చున్నాడు. గోడ మీద ఆడవాళ్ళ తలలు వరసగా మొలిచాయి. ఈదమ్మ వచ్చి సోమమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కురుమయ్య గొంగళ్ళు కుట్టే దబ్బనంతో బిరడాను పొడిచాడు. అది పొడిపొడిగా రాలింది. వంగి సైదులు గిలాసలో పోశాడు. ఎర్రగా ఉండాల్సింది ఇటుకపొడి రంగులో దిగింది.

సైదులు కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. వాకిట్లో గొర్రె కూడా నమలడం ఆపినట్టయింది. వాడి మొహం నాలుగు వైపులా ముడుచుకుపోయింది.

"అన్నా... గిది చింతపులుసు లెక్కున్నది."

జానయ్య నమ్మక గిలాస లాక్కుని తాగి, గోడ దిక్కు ఉరికాడు. వాకిలంతా నవ్వులతో ఊగిపోయింది. ఈదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అరుగు మీద కూలబడి నవ్వింది.

పాలమూరు నుంచి నల్లగొండ దాకా కాసిన రెండు వేసవుల ఎండ ముందు ఆ తడి ఇసుక ఏపాటిది? నవాబులకు దక్కాల్సిన రుచి నీళ్ళకుండ పక్కనే ఎప్పుడో పులిసిపోయింది. కురుమయ్య తల వంచుకుని, "నీకు మంచిది తాపిస్తనంటి, తమ్మీ" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు, అన్నా." సైదులు ఆయన పక్కన కూర్చున్నాడు. "నువ్వు తియ్యవని నాకు పోయిన వానకాలమే ఎరుకైంది. ఎందుకు తీస్తలేవో గూడ ఎరుకే. నా కోసమని ఒక మనిషి గింత ఓపిక పడ్తాంటే, నేను దుకాణం దిక్కు ఎట్ల పోవాలె? ఇయ్యాల తియ్యమన్నది నా కోసం కాదు. రోజూ పొద్దుగాల నువ్వు గుటకలు మింగుడు సూడలేక."

కురుమయ్య సీసా అందుకున్నాడు. అడుగున మిగిలిన దాన్ని గిలాసలో వంపుకుని, నోట్లో పోసుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఓర్చుకుని మింగాడు. ఆ తర్వాత గిలాస నేలకు కొట్టినంత పని చేసి అరిచాడు:

"వానకాలమే ఎరుకైతే వానకాలమే చెప్పాలె గదరా! అప్పటికింక మంచిగనే ఉండె గావచ్చు, నేనన్న తాగుదును!"