సాక్షి గొంతు ఎటు పోయింది?

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తలుపులు తెరిచిన ఏడాది. మాదాపూర్‌లో మెట్రో దిగి ఐదు నిమిషాలు నడిస్తే వచ్చే ఒక అద్దాల భవనంలో, మూడో అంతస్తులో మా స్టూడియో ఉండేది. చుట్టూ అన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. లిఫ్టులో ఎవరైనా "మీది ఏ టెక్నాలజీ అండీ?" అని అడిగితే "సీరియళ్లు చూస్తానండీ" అనేదాన్ని. వేళాకోళం అనుకునేవాళ్లు. నిజంగానే నా ఉద్యోగం అది. క్యూసీ, అంటే క్వాలిటీ కంట్రోల్. ఓటీటీలో రాబోయే ప్రతి ఎపిసోడ్‌నూ ముందుగా చూసి, బొమ్మ ఎక్కడైనా చెదిరిందా, శబ్దం తెగిందా, మాట పెదవులకు సరిపోయిందా అని రాసి, అంతా బాగుంటే కింద 'పాస్' అని సంతకం పెట్టాలి. అట్లా ఎన్ని పాస్‌లు పెట్టానో లెక్క లేదు. ఒక్కటి మాత్రం ఇప్పటికీ గుచ్చుతుంది.

అది ఒక క్రైమ్ డ్రామా మూడో సీజన్. పేరు చెప్పను, మా ఒప్పందాలు అట్లాంటివి. మొదటి రెండు సీజన్లు ఈ కాలం కథలు. జనం నెత్తిన పెట్టుకున్నారు. మూడోదాన్ని 1940ల చివరికి తీసుకెళ్లారు. అదే హైదరాబాద్, లాంతర్లు, టాంగాలు, వాన కురుస్తున్న వేళ రేషన్ దుకాణంలో ఒక హత్య. దాన్ని కళ్లారా చూసింది ఒక్కతే, గిర్నీలో పిండి జల్లించే యాదమ్మ. ఆమె నోరు విప్పుతుందా లేదా అన్నదే ఆరు ఎపిసోడ్ల కథ. యాదమ్మగా వేసిన పిల్ల పేరు స్వరూప. తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలు లేవకముందు నుంచీ ఉన్న కుటుంబం. నాటకాల్లో పేరు తెచ్చుకుంది కానీ, కెమెరా ముందు ఇదే మొదటి పెద్ద వేషం.

సీజన్ వచ్చింది, కొట్లాట మొదలైంది. "యాదమ్మే ఈ సీజన్‌కు ప్రాణం" అని ఒకరు రాస్తే, "ప్రాణమా? నోట్ల నుంచి మాటే వస్తలేదు, ఎక్కడ దొరికిందిరా ఈమె" అని ఇంకొకరు. "ఆమె మౌనంతో నటించింది, అది అర్థం కావాలంటే బుర్ర ఉండాలి" అని మూడో రకం మేధావులు. మా క్యాంటీన్‌లో కూడా ఇడ్లీలు చల్లారిపోయేదాకా ఇదే వాదన. నేను ప్రాణం అన్నవాళ్ల పక్షం. మిగతావాళ్లకు రుచి తెలియదని గట్టిగానే అనేదాన్ని.

ఇక్కడ మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రేక్షకుల ఫిర్యాదులను రెండు కుప్పలు చేస్తారు. బొమ్మ ఆగింది, శబ్దం తెగింది అంటే 'టెక్నికల్'. అవి నా బల్ల మీదికి వస్తాయి. కథ బాగాలేదు, నటన బాగాలేదు అంటే 'క్రియేటివ్'. అవి నిర్మాతల దగ్గరికి పోతాయి. యాదమ్మ గొంతు మీద వచ్చిన ప్రతి ఫిర్యాదూ, నటన బాగాలేదన్న లెక్కలో, రెండో కుప్పలోకే పోయింది. నాదాకా ఒక్కటీ రాలేదు.

ఆ వారం గురువారం స్వరూప మా స్టూడియోకు వచ్చింది. చేతిలో ఒక కాగితం. నిర్మాతలు ఆమె మాటలన్నీ వేరే ఆర్టిస్టుతో మళ్లీ డబ్బింగ్ చెప్పిస్తారట, నాలుగో సీజన్‌లో యాదమ్మ పాత్రకు వేరే అమ్మాయిని చూసుకుంటారట. డబ్బింగ్ మా దగ్గరే కాబట్టి, ఒప్పుకుంటున్నట్టు సోమవారం వచ్చి మా మేనేజర్ ముందు సంతకం పెట్టాలి.

"అక్కా, ఒక్కసారి నా గొంతు నాకు ఇనిపిస్తవా? గంత ఖరాబుగ ఉన్నదా?" అని అడిగింది.

క్యూసీ గదిలో పెద్ద స్పీకర్ల ముందు కూర్చోబెట్టి వినిపించాను. వానలో తడుస్తూ యాదమ్మ మాట్లాడుతుంటే నాకే ఒళ్లు గగుర్పొడిచింది. స్వరూప కళ్లు తుడుచుకుంది. "మంచిగనే ఉన్నది కదక్కా. మరి మా మేనమామ సుత నీ మాట ఇనవడ్తలేదు బిడ్డా అంటడేంది?"

"మీ మామను చెవుల డాక్టర్‌కు చూపించుకోమను" అన్నాను. ఎంత ధైర్యమో చూడండి!

ఆదివారం పొద్దున మూసాపేటలో, నేను కిరాయికి ఉండే ఇంటి ఓనర్ సత్తెమ్మ పెద్దమ్మ దగ్గరికి పెరుగు తోడు కోసం వెళ్లాను. ఆమె చుక్కకూర తెంపుతూ, ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి మా సీజనే చూస్తోంది.

"సునీతా, గీ పిల్ల మూగదా?" అంది.

"మూగదేంది పెద్దమ్మా, అంత మంచిగ మాట్లాడితే!"

"ఏడ మాట్లాడుతున్నది? పెదవులు ఆడిస్తున్నది, గంతే. నువ్వే సూడు."

వంగి చూశాను. వాన శబ్దం ఉంది. పోలీసు జవాను గద్దింపు ఉంది. యాదమ్మ నోరు కదులుతోంది, మాట లేదు. ఎక్కడో దూరంగా దాని ప్రతిధ్వని మాత్రం సన్నగా వినిపిస్తోంది. ఫోన్ పాడైందేమో అనుకుని నా ఇయర్‌ఫోన్స్ పెట్టి చూశాను. మాట వచ్చింది. తీసేశాను. పోయింది. చుక్కకూర పక్కనే నేల మీద కూలబడ్డాను.

జరిగింది ఇది. షూటింగ్‌లో వాన హోరుకు స్వరూప మాటలు పనికిరాక, మా స్టూడియోలోనే మళ్లీ చెప్పించారు. దీన్ని ఏడీఆర్ అంటాం. స్టీరియో అంటే కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, రెండు ఛానళ్లు. ఆ ఫైల్ తయారుచేసేటప్పుడు ఆమె మాటలు మాత్రం ఒక ఛానల్‌లో తలకిందులుగా పడ్డాయి. రెండు స్పీకర్లున్న టీవీలోనో, ఇయర్‌ఫోన్స్‌లోనో వింటే తేడా పెద్దగా తెలియదు. ఒకే స్పీకర్ ఉన్న ఫోన్‌లో రెండు ఛానళ్లూ కలిసిపోతాయి. సమానమైన బలమున్న ఇద్దరు ఒకే తాడును చెరోవైపు లాగినట్టు, ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. దీన్నే ఫేజ్ క్యాన్సిలేషన్ అంటారు. క్యూసీ గదిలో 'మోనో' అనే బటన్ ఒక్కసారి నొక్కితే దొరికిపోయేది. నేను నొక్కలేదు. స్టీరియో ఫైల్‌ను హెడ్‌ఫోన్స్‌లో అక్కడక్కడా విని పాస్ పెట్టేశాను.

అంటే వారం రోజులుగా కొట్టుకుంటున్న జనంలో ఎవరూ తప్పు చెప్పలేదు. వాళ్లు చూసినవే రెండు వేర్వేరు సీజన్లు. మౌనంతో నటించిందన్న మేధావులను తలుచుకుని అంత బాధలోనూ నవ్వొచ్చింది. వెంటనే భయం కూడా వేసింది. చెబితే నా ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఆ పిల్ల గొంతు పోతుంది, నాలుగో సీజనూ పోతుంది.

సోమవారం పెద్దమ్మ ఫోన్ అడిగి తీసుకుని ఆఫీసుకు వెళ్లేసరికి స్వరూప రిసెప్షన్‌లో కూర్చుని ఉంది, ఒళ్లో అదే కాగితం. "సంతకం పెట్టకు. జర ఆగు" అని చెప్పి, నేరుగా మేనేజర్ రమణమూర్తి గారి గదిలోకి వెళ్లాను. ఆయనది భీమవరం వైపు. కోపమొస్తే మర్యాద ఇంకా ఎక్కువవుతుంది.

ఫోన్ బల్ల మీద పెట్టి వినిపించాను. ఇయర్‌ఫోన్స్ ఇచ్చి వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ స్టీరియో ఎవరు పాస్ చేశారండీ?" అన్నారు, తెలిసి కూడా.

"నేనేనండీ."

"మోనోలో వినలేదా తమరు?"

"వినలేదండీ. తప్పు నాది. ఆ అమ్మాయిది కాదు."

ఆయన తన ఫోన్ తీసి నిర్మాతలతో, "డబ్బింగ్ ఆపించండి. ఆ అమ్మాయి గొంతు లక్షణంగా ఉంది. పాడుచేసింది మేమే" అన్నారు. 'ఆవిడ' అనలేదు, 'మేము' అన్నారు. నా గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. బయటికొచ్చి స్వరూపకు చెబితే, ఆ పిల్ల నన్ను తిట్టలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "అయితె మా మామ చెవులు మంచిగనే ఉన్నయన్నట్టు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మేనమామకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను కూడా.

సరిచేయడం చిటికెలో పని, ఆరు ఎపిసోడ్లూ మళ్లీ ఎక్కించడానికే రెండు రోజులు పట్టింది. కొట్లాట మాత్రం ఆగలేదు, ముగింపు మీదికి మళ్లింది. నాలుగో సీజన్‌లో యాదమ్మగా స్వరూపే వేసింది. నాకు ఒక మెమో వచ్చింది, ఉద్యోగం మిగిలింది. అప్పటి నుంచి క్యూసీ గదిలో, ఆ ఖరీదైన స్పీకర్ల పక్కన, ఒకే స్పీకర్ ఉన్న పాత ఫోన్ ఒకటి ఉంటుంది. అందులో వినకుండా నేను పాస్ పెట్టను. ఎవరైనా బాగాలేదంటే వాళ్ల రుచిని వెక్కిరించడం మానేశాను. "మీరు దేంట్లో విన్నారు?" అని ముందు అడుగుతాను.

సరిచేసిన ఎపిసోడ్లు ఎక్కిన ఆ బుధవారం సాయంత్రం ఫోన్ తిరిగి ఇచ్చి, పెద్దమ్మ పక్కనే కూర్చున్నాను. ఆఖరి ఎపిసోడ్, కోర్టు కచేరీలో విచారణ సీను. యాదమ్మ తలెత్తి, "నేను జూసిన. చెప్త" అంది. మాట గదంతా వినబడింది.

పెద్దమ్మ తెంపుతున్న కూర పక్కన పెట్టి, ఫోన్ వైపు వంగింది.

"చెప్పు బిడ్డా" అంది, "ఇంటున్న."