కరీంనగర్ నుంచి గోదావరి ఒడ్డుకు బతికున్న బురదతో

మా బావ మంథని దగ్గర గోదావరిలో చేపలు పడతాడు. అతనికి ఎగువన ఉన్న ఒక పట్టణం తన మురుగును శుద్ధి చేసి నదిలోకి వదులుతుంది. మొన్నటి గాలివానకు పిడుగు పడి ఆ శుద్ధి కేంద్రం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నాలుగు రోజులు గాలి కొట్టే యంత్రాలు ఆగాయి. మురుగును తినే సూక్ష్మజీవులు ఊపిరాడక చచ్చిపోయాయి. కరెంటు వచ్చినా నీళ్లు నల్లగానే పోతున్నాయి. "వలల జిగురు తప్ప ఒక్క చేప వస్తలేదు. ఇంకో పది దినాలు గిట్లనే ఉంటే మళ్ల మస్కట్ పోత" అని బావ ఫోన్‌లో అన్నాడు.

కరీంనగర్ శుద్ధి కేంద్రం నుంచి ఆ సూక్ష్మజీవులు నిండిన, బతికున్న బురదను అక్కడికి పంపుతున్నారని తెలిసింది. ట్యాంకర్ డ్రైవర్ సదానందం మా వాడకట్టు మనిషే. నేనూ వస్తానంటే ఎక్కించుకుంటానన్నాడు.

ఉదయం ఏడింటికి కేంద్రానికి చేరాను. ఆటోకు ఎనభై రూపాయలు. ట్యాంకర్ నిండేసరికి ఎనిమిదైంది. గాలి లేకుండా ఆ బురద మూడు గంటలకు మించి ఆగదని, పదకొండు లోపల పోసెయ్యాలని అక్కడి ఇంజనీర్ చెప్పారు. సదానందం చాయ్ కూడా తాగలేదు. పెద్దపల్లిలో ముప్పై రూపాయల ఇడ్లీ పొట్లం కట్టించుకుని కదిలే బండిలోనే తిన్నాం. బస్సులో వచ్చేవారు ఇక్కడ దిగి మంథని బస్సు ఎక్కవచ్చు.

పెద్దపల్లి దాటాక ఒక ఊళ్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగిలిన సగానికి ఒక పెద్దామె నులక మంచం అడ్డంగా లాగింది. పేరు మల్లవ్వ అని తర్వాత తెలిసింది.

"దిగురా! మొన్న గిసొంటి ట్యాంకరే వచ్చి మా కాలువల పాయఖాన నీళ్లు పోసి పోయింది. ఇయ్యాల దొరికినవ్."

"గట్ల పోసింది నేను కాదవ్వా. గిండ్ల ఉన్నది మందు అసొంటిది" అన్నాడు సదానందం.

"మందా? ఎవ్వలికి, మీ అత్తకా?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు కానీ మంచం కదల్లేదు. అప్పటికి పది కావొస్తోంది. నేను మాటకారిని కాను. అయినా దిగాను. నీళ్లలో కరిగిన గాలితోనే చేపలు బతుకుతాయని, మురుగు నదిలో కుళ్లితే ఆ గాలి అంతా దానికే పోతుందని చెప్పాను. ఈ బురదలోని జీవాలు ఆ మురుగును ముందే ట్యాంకులో తినేస్తాయి, పాలల్ల తోడేసినట్టు వీటిని అక్కడ వెయ్యాలి అన్నాను.

"మంచిగ చెప్పినవ్. ఏది, మూత తియ్యి" అంది మల్లవ్వ.

సదానందం బకెట్‌తో కొంత తీశాడు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వంగింది. తర్వాత కొంగు తీసేసింది. "కంపు కొడ్తలేదు. వాన పడ్డ మట్టి లెక్కనే ఉన్నది." కుళ్లిన వాసన లేదంటే లోపలివి ఇంకా బతికే ఉన్నాయని సదానందం నా చెవిలో అన్నాడు. అతని మొహం అప్పుడు తేరుకుంది. మల్లవ్వ మంచం లాగేసి, "జల్ది పోండ్రి, ఏం చూస్తుర్రు?" అని మమ్మల్నే కసిరింది.

పదకొండుకు పది నిమిషాల ముందు ఆ పట్టణం శుద్ధి కేంద్రానికి చేరాం. ఆపరేటర్ స్రవంతి గేటు తీసి ఎదురుచూస్తోంది. బురద పోసి, గాలి పెట్టి, కలిసిన నీటిని గాజు జాడీలో తీసి బల్ల మీద పెట్టింది. "అరగంట ఎవ్వలు ముట్టకుండ్రి" అంది. చచ్చిన బురద తేలిపోతుందట, బతికినది ముద్దకట్టి దిగుతుందట. ముగ్గురం నిలబడే చూశాం. ఇరవై నిమిషాలకు గోధుమ రంగు తునకలు ఒకదానికొకటి అంటుకుని నెమ్మదిగా దిగాయి. పైన నీళ్లు ఇంకా మసకగానే ఉన్నాయి. "తేట కావడానికి జర టైమ్ పడ్తది. కానీ బతికినయ్ అన్నా" అంది స్రవంతి.

ఆ వారంలో ఇంకో రెండు ట్యాంకర్లు వెళ్లాయి. రెండుసార్లూ మల్లవ్వ తన వడ్లను ముందే ఒక పక్కకు నెట్టి ఉంచిందని సదానందం చెప్పాడు. మేం బురద పోసిన పన్నెండో రోజు బావ ఫోన్ చేశాడు: "నీళ్లు మంచిగయినయ్. రెండు రవ్వ చేపలు, ఒక బొచ్చె పడ్డయి." అంత పెద్ద నదిని కాపాడే పని కంటికి కనిపించని వాటి మీద, వాటికి గాలి అందించే కొద్దిమంది మీద ఆధారపడి ఉందని నాకు ఈ వయసులో తెలిసింది. కరీంనగర్‌లో ఇన్నేళ్లుగా ఉన్నాను, నా ఇంటి నీళ్లు ఎటు పోతాయో ఒక్కసారీ అడగలేదు.

మీరూ ఇలాంటి కేంద్రం చూడదలిస్తే ముందురోజే మున్సిపల్ ఆఫీసులో అనుమతి అడగండి, పది లోపల వెళ్లండి. జాడీ పెట్టమని అడిగి, ఆ అరగంట పూర్తయ్యేదాకా అక్కడే ఆగండి.