చెల్లెలి నిద్ర

ఆ వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆమెను పళ్ళత్త అనే పిలుస్తారు. అరవై నాలుగేళ్ళ మనిషి. కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆమె పని. పళ్ళ డాక్టరు వేరు, పళ్ళు చేసే మనిషి వేరు అన్న సంగతి చాలామందికి తెలియదు. డాక్టరు నోట్లో అచ్చు తీసి పెట్టెలో పంపుతాడు, అంతే. ఆ అచ్చును పట్టుకుని ఒక మనిషి పోగొట్టుకున్న నవ్వును మళ్ళీ నిలబెట్టే చాకిరీ అంతా పళ్ళత్తది. పేరు మాత్రం డాక్టరుకు. వినేవాళ్ళకు చిర్రెత్తుకొస్తుంది గానీ, ఆమె మాత్రం "పోనిద్దురూ, నమిలేవాళ్ళు హాయిగా నములుతున్నారుగా" అని నవ్వేస్తుంది.

ఇంటి ముందు గదే ఆమె పనిగది. కిటికీ పక్కన బల్ల, దాని మీద స్పిరిట్ దీపం, మైనం చెక్కే చిన్న కత్తి, దవడల్లా తెరుచుకుని మూసుకునే ఇత్తడి బిగింపు. పై దవడ అచ్చునూ కింది దవడ అచ్చునూ ఆ బిగింపులో నిలబెట్టి, మైనం పట్టీ వేసి, అందులో ఒక్కో పన్నూ నాటుతుంది. ఆ మైనం పళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ మనిషి నోట్లో కూర్చుని, అద్దం ముందు సరే అనిపించుకున్నాకే గట్టి పళ్ళవుతాయి. ముందు పళ్ళలో ఒకదాన్ని కావాలనే వెంట్రుకవాసి పక్కకు తిప్పుతుంది. అన్నీ బారులు తీరి నిలబడితే ఎవరి నోరైనా అబద్ధంలా కనిపిస్తుందని ఆమె వాదన. "ఈ వయసులో పళ్ళెందుకు?" అని ఏ కొడుకో కోడలో అంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తుంది. "ఈ వయసులో నోరు మాత్రం ఎందుకు? కుట్టించెయ్యండి!" అంటుంది.

యాభై రెండో ఏట, నెలసరి ఆగిన కొత్తలో, ఈ పనే చేయి జారిపోబోయింది. కూర్చున్నదల్లా ఉన్నట్టుండి ఛాతీ నుంచి నడినెత్తి దాకా భగ్గుమనేది. చెమట బొట్టు దీపం మీద పడి చుర్రుమనేది. రాత్రి నిద్ర లేదు, పగలు బుర్ర లేదు. చేతిలో పన్ను కుడి పక్కదో ఎడమ పక్కదో తోచక ఏడ్చిన రోజులున్నాయి. ఒకరోజు విసుగెత్తి బల్లా బిగింపూ అమ్మేస్తానని బేరం కూడా పెట్టింది. ఆ సమయంలోనే లేడీ డాక్టరు హార్మోను మందు రాసింది. రోజూ పొద్దున జబ్బకు రాసుకునే జెల్, పడుకోబోయే ముందు ఒక మాత్ర. రెండు నెలలు తిరిగేసరికి మళ్ళీ మనుషుల్లో పడింది. అప్పటినుంచి పన్నెండేళ్ళుగా అదే మందు. ఏడాదికోసారి డాక్టరు "కొనసాగిద్దామా?" అని అడగడం, ఈమె "నిక్షేపంగా" అనడం, అంతటితో ఆ ముచ్చట సరి.

ఈ ఏడాది అంత సులువుగా తేలలేదు. పళ్ళత్త అక్కకు రొమ్ములో గడ్డ కనిపించింది.

అక్క వయసు అరవై ఎనిమిది. బస్సు కండక్టరుగా రిటైరైంది. బస్సులో వెనక చివర నిలబడి కేకేస్తే డ్రైవరు ముందు అద్దం అదిరేదని చెప్పుకునేవాళ్ళు. రిటైరయ్యాక కూడా ఆ గొంతు తగ్గలేదు. ముగ్గురు మనుషులున్న గదిలోకి వచ్చినా "లోపలికి జరగండి, జరగండి" అనేస్తుంది. అలాంటి మనిషి ఆపరేషను అయ్యాక కుడి చెయ్యి భుజం దాటి లేవక, మూడో అంతస్తులో ఉన్న తన గదులకు మెట్లెక్కలేక, ఒక సంచీతో చెల్లెలింటికి వచ్చింది. చెల్లెలికి భర్త పోయి చాలా ఏళ్ళయింది, అక్క పెళ్ళే చేసుకోలేదు. ఇద్దరికీ ఇద్దరే.

అక్కకు వచ్చిన క్యాన్సరు గడ్డ హార్మోను తిని పెరిగే రకమట. అందుకని ఒంట్లో ఆ హార్మోను పుట్టనీయకుండా ఐదేళ్ళపాటు రోజుకో మాత్ర రాశారు. మాత్ర దాని పని అది చేసింది. దాంతో పదిహేనేళ్ళ కిందట చల్లారిన ఆవిర్లు అక్కకు మళ్ళీ మొదలయ్యాయి. ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, మెడ మీద తడిగుడ్డ వేసుకుని, "ఈ ఇంజనుకి నీళ్ళు పొయ్యండే ఎవరైనా" అంటూ కూర్చునేది.

అక్కకు తల దువ్వడం, జాకెట్టు హుక్కులు పెట్టడం, భుజానికి నూనె మర్దన చేయడం అన్నీ పళ్ళత్తే. ఒకరోజు జెల్ సీసాతో వచ్చిన కాగితం ఎందుకో తీసి చదివింది. పన్నెండేళ్ళలో చదవని కాగితం. రాసుకున్న చోటు పూర్తిగా ఆరకముందు ఎవరి ఒంటికీ తగలనివ్వవద్దని అందులో ఉంది. తన చేతి వంక చూసుకుంది. పొద్దున జెల్ రాసుకున్న చేత్తోనేగా అక్కకు మర్దన చేస్తోంది! డాక్టరు ఆ హార్మోను అక్క ఒంట్లో చుక్క మిగలకూడదని మాత్ర ఇస్తుంటే, తను అదే హార్మోను చేజేతులా రుద్దుతోందా? సీసా తీసుకెళ్ళి అచ్చులు పోసే ప్లాస్టరు డబ్బా వెనక దాచేసింది. రాత్రి మాత్ర కూడా మానేసింది. అక్కకూ చెప్పలేదు, డాక్టరునూ అడగలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒళ్ళు పాత దారి పట్టింది. ఒకరోజు పొద్దున రెండు చేతులకూ మైనం అంటుకుని ఉండగా పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. మోచేత్తో నొక్కి స్పీకరులో పెట్టింది.

"అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి. మొన్న అచ్చు పంపిన ముసలావిడకి మైనం పళ్ళు పెట్టి చూశాను. పై వరస ఆవిడది కాదు."

"కాకపోవడమేంటి బాబూ?"

"ఆవిడతోపాటు అచ్చు పంపాను చూడండి, ఆ డ్రిల్లు మాస్టారిది. చీటీ మీద ఆయన నంబరుంది. పై దవడ ఆయనది, కింది దవడ ఈవిడది కలిపి బిగించేశారు. ఆవిడ అద్దం చూసుకుని, 'డాక్టరూ, ఈ గుర్రప్పళ్ళకి జీను కూడా ఇస్తారా?' అంటోంది."

ఫోనులో డాక్టరు నవ్వాడు, పక్కన ఆ ముసలావిడా నవ్వింది. పళ్ళత్త కూడా నవ్వబోయింది, నవ్వు రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ ఈ పనిలో రెండు నోళ్ళు కలిపేసిన పాపాన పోలేదు ఆమె. మళ్ళీ చేసి పంపుతానని చెప్పి, ఫోను పెట్టేసి, మైనం చేతుల్తోనే మొహం కప్పుకుంది.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఫోను మాటలన్నీ విన్నది. చెల్లెలి మెడ మీద చెమట చూసింది, వీపుకు అతుక్కుపోయిన జాకెట్టు చూసింది.

"ఎప్పట్నుంచే?"

"ఏంటక్కా?"

"నా దగ్గర టిక్కెట్టు లేకుండా ప్రయాణమా? ఈ మంట నాకు తెలీదనుకున్నావా? మందు ఎప్పుడు మానేశావ్?"

పళ్ళత్త కాగితం సంగతీ, మర్దన సంగతీ మొత్తం చెప్పింది. చెబుతూ చెబుతూ వెక్కింది. అక్క అంతా విని, "డాక్టర్ని అడిగావా?" అంది. లేదంది చెల్లెలు. "ఓసి నీ తెలివి తెల్లారా! నోళ్ళు బాగుచేసేదానివి, నీ నోరు తెరిచి ఒక్క ముక్క అడగలేకపోయావా? లే, చెయ్యి కడుక్కో" అని అప్పటికప్పుడు లేవదీసింది.

లేడీ డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి విన్నది. మర్దన భయం రెండు నిమిషాల్లో తీర్చేసింది. జెల్ ఆరాక, బట్ట కప్పుకుని చేతులు కడుక్కుంటే పెద్దగా భయపడాల్సింది లేదంది. అయినా మనసు ఒప్పుకోకపోతే తుంటి మీద అంటించుకునే పట్టీ ఉంది, అది ఎవరికీ రుద్దుకోదంది. అక్క "చూశావా" అన్నట్టు చెల్లెలి మోకాలి మీద ఒకటి వేసింది.

"కానీ అసలు విషయం అది కాదమ్మా" అంది డాక్టరు. "అక్కగారికి వచ్చింది కాబట్టి మీకు వచ్చే అవకాశం మామూలు కంటే కొంచెం ఎక్కువ. ఈ మందు దాన్ని ఇంకాస్త పెంచుతుంది. పైగా వయసు పెరుగుతోంది. భయమే లేదని నేను చెప్పను. అలాగని ఆపితీరాలనీ చెప్పను. మీకు నిద్ర, పని, ఎముకలు అన్నీ దీంతో ముడిపడి ఉన్నాయి. ముందు పరీక్షలు చేయిద్దాం, ఆ తర్వాత తేల్చుకుందాం."

వారం తర్వాత వచ్చిన రిపోర్టుల్లో రొమ్ముల్లో ఏమీ కనిపించలేదు. ఎముకలు మాత్రం కాస్త పలచబడ్డాయి, వాటికి వేరే మందులూ ఉన్నాయని డాక్టరు చెప్పింది. ఈసారి అక్క బయట బెంచీ మీదే ఉండిపోయింది. తను ఎదురుగా ఉంటే చెల్లెలు నిజం చెప్పదని ఆమె అనుమానం.

"మెల్లగా తగ్గించి ఆపెయ్యొచ్చు. లేదా సగం మోతాదులో కొనసాగించి, ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ చూడొచ్చు. రెండూ తప్పు కాదు. మీకేం కావాలి?" అంది డాక్టరు.

పళ్ళత్త రిపోర్టు కవరు అంచులు మడతపెట్టింది, విప్పింది.

"నాకు మందు కావాలి డాక్టరుగారూ. నా పని నాకు కావాలి. భయం ఉంది, లేదనను. కానీ అడ్డం పడేది అది కాదు." కవరు ఒళ్ళో పెట్టేసుకుంది. "అక్క పక్కగదిలో ఉడికిపోతుంటే నేనెలా చల్లగా నిద్రపోను? ఆవిడకి ఈ మందు దారే మూసేశారు. నేను మాత్రం రోజూ ఆవిడ కళ్ళముందే మందేసుకుని హాయిగా ఉండాలా? మర్దన భయం నిజమే. కానీ సీసా దాచేశాక నాకు మనసు తేలికపడింది. ఇద్దరం ఒకేలా ఉన్నాం కదా అనిపించింది."

డాక్టరు కలం కింద పెట్టేసింది. "దీనికి నా దగ్గర మందు లేదమ్మా. బయట బెంచీ మీద ఉన్నావిడ్ని అడిగి రండి. నేను ఎక్కడికీ పోను" అంది.

బయట అక్కకు అప్పుడే ఆవిరి వచ్చినట్టుంది. ఎవరిదో పాత పత్రికతో విసురుకుంటోంది, మొహమంతా కందిపోయి ఉంది. పళ్ళత్త పక్కన కూర్చుని, లోపల అన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. అక్క విసురుకోవడం ఆపింది. కేకలేస్తుందని చెల్లెలు భుజాలు ముడుచుకుంది.

అక్క కేకలెయ్యలేదు. "నిజం చెప్పమంటావా?" అంది, తనకు అలవాటులేని సన్నగొంతుతో. "నిన్ను చూస్తే నాకు కుళ్ళే. నీ ఇంటికొచ్చిన రోజు నుంచీ కుళ్ళే. పొద్దున్నే మొహం ఉబ్బించుకుని, పెద్దగా ఆవులిస్తూ టీ పెట్టడానికి వస్తావు చూడు, వెనకనుంచి ఒక్కటి పీకాలనిపించేది. దానికేమో నిద్ర, నాకేమో ఈ కొలిమి, అనుకునేదాన్ని."

"నాకు తెలుసక్కా. అందుకేగా..."

"ఆగు, పూర్తిగా విను. ఈ నాలుగు వారాలూ నువ్వు ఆవులించలేదు. నాకంటే ముందే లేచి కూర్చుంటున్నావు. నేను ఒక మాటంటే రెండు మాటలనే దానివి, ఊ అని ఊరుకుంటున్నావు. కోరింది జరిగిందిగా, సంతోషించాలిగా నేను? నాకు భయమేసిందే. ఆపరేషను రోజు కూడా అంత భయం వెయ్యలేదు. ఇది కూడా వాడిపోతే నేనెవర్ని చూసుకుని బతకాలి అనిపించింది." ముక్కు ఎగబీల్చింది. "నా కుళ్ళేదో నేను పడతాను. అది నా తిప్పలు. నీకు కావాలనిపిస్తే వేసుకో, వద్దనిపిస్తే మానెయ్. అంతేగానీ నాకు తోడుగా కాలతానంటే మాత్రం ఇవాళే సంచీ సర్దుకుంటా."

పళ్ళత్త ఏడ్చింది. అక్క పత్రికతో ఈసారి ఇద్దరికీ విసిరింది. కాసేపయ్యాక చెల్లెలు లేచి, కళ్ళు తుడుచుకుని, లోపలికి వెళ్ళింది. "పట్టీ రాయండి డాక్టరుగారూ. సగం మోతాదు. రాత్రి మాత్ర కూడా ఎలా వేసుకోవాలో చెప్పండి. వచ్చే ఏడు మళ్ళీ మొదటినుంచి అడగండి, నిక్షేపంగా అని మాత్రం అనను" అంది.

పట్టీ మొదలుపెట్టి నెల దాటింది. ఆవిర్లు పూర్తిగా పోలేదు, ఒకటీ అరా మిగిలాయి. డ్రిల్లు మాస్టారి పళ్ళు ఆయనకే చేరాయి, ముసలావిడవి ఆవిడకే చేరాయి. ఒకరోజు బాగా పొద్దెక్కాక, ఎండ పక్క మీదికి వచ్చి మొహాన పడితే పళ్ళత్తకు మెలకువ వచ్చింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందు గదిలో అక్క ఫోనులో పళ్ళ డాక్టరుతో మాట్లాడుతోంది. గొంతు తగ్గించి మాట్లాడటం ఆమెకు పుట్టాక చేతకాని పని. అయినా తంటాలు పడుతోంది.

"లేదు నాయనా, లేపను. ఎనిమిదైతే ఏం, తొమ్మిదైతే ఏం? నీ పళ్ళెక్కడికీ పారిపోవు... నేనా? నాలుగింటి నుంచీ లేచే ఉన్నాను, నా ఒళ్ళు నన్ను పడుకోనివ్వదు... అందుకే లేపనంటున్నా. ఇద్దరిలో ఒకరైనా పడుకోవాలా వద్దా? గుర్రుపెట్టి నిద్రపోతోంది నా చెల్లెలు. నువ్వు తర్వాత చెయ్యి."

ఫోను పెట్టేసి, అక్క చప్పుడు కాకుండా వచ్చి తలుపు సందులోంచి తొంగిచూసింది. పళ్ళత్తకు లేచి వెళ్ళి అక్కను పట్టుకోవాలనిపించింది. కానీ కళ్ళు తెరవలేదు. అటు తిరిగి, దిండులో మొహం పెట్టి, అక్క వినేలా గట్టిగా గుర్రుపెట్టింది.