మల్లి వేయించిన పూట

అలమేలుమంగ ధనియాలు వేయిస్తే వేలూరులో బస్సులు ఆగిపోయేవి. సరే, వేలూరూ కాదు, బస్సులూ కాదు. గుడియాత్తం బజారులో ఆమె ఇంటి ముందు సైకిళ్లు మాత్రం నెమ్మదించేవి. కొంగు నడుముకు దోపుకుని, కళ్లు మూసుకుని, గింజల చిటపటను చెవితో వినేది. మిరియాలూ దాల్చినచెక్కా చివరి వేడిలోనే వేసేది. మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయిన ఏడాది, నెల్లూరు నుంచి కొత్త కోడలు కోమల వచ్చింది. బంధువులు భోజనానికి వచ్చిన ఒక పూట అత్త, "కాస్త మల్లి వేయించమ్మా" అని పురమాయించింది. ఇక్కడివాళ్లు ధనియాలను అరవంలో మల్లి అంటారని కోమలకు తెలియదు. పూజకు తెచ్చిన మల్లెపూలన్నీ మూకుట్లో పోసి వేయించింది. ఆడబిడ్డ చిన్నమణి అది చూసి, "రండప్పా, రండి! ఆంధ్రా వంట చూద్దురు!" అని కేక పెట్టింది. కోమల కళ్లు నిండాయి. అలమేలుమంగ మూకుడు దించి చిన్నమణితో, "నేనే కదే వేయించమన్నా? నా తలనొప్పికి పట్టు వేసుకోవాల. నీకేం పని ఈడ?" అంది. ఇప్పటికీ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, కోడలి వైపు చూడకుండా వక్క కొరుకుతూ అంటుంది: "అంతా అబద్ధం నాయనా. మా ఇంట్లో మల్లెపూలు తల్లోనే పెట్టుకుంటారు."