ఆ ఎనిమిది రోజుల 417

నగర పోలీసు ప్రధాన కార్యాలయంలో రికార్డు గది చూసుకునే పెద్దాయన్ని అందరూ బీరువా అంటారు. ఏ కాగితం అడిగినా నిమిషాల మీద తీసి ఇస్తాడు. ఏ సంగతి అడిగినా నోరు విప్పడు. మోకాలు దెబ్బతిని వీధి డ్యూటీ తప్పాక ఆ గదిలోకి వచ్చాడు. రిటైర్మెంటుకి ఇంకా మూడు నెలలుంది.

ఆ ఏడాది డిపార్టుమెంటుకి నూరేళ్లు నిండాయని చరిత్ర పుస్తకం తలపెట్టారు. ఉత్త పతకాలూ పరేడ్లే అయితే తన పేరు వేయొద్దని సంపాదకుడిగా ఉన్న రిటైర్డు జడ్జిగారు భీష్మించుకున్నారు. పోలీసుల మీద జనం ఇచ్చిన ఫిర్యాదులు ఏమయ్యాయో రాయాలి, తేలకుండా మూసినవి మళ్లీ తెరవాలి అన్నారు. ఆ పని మీద ఒక ఎస్సై అమ్మాయి రోజూ రికార్డు గదికి వస్తోంది.

"బాబాయ్, ఇది చూడండి. మనిషి లేకుండానే లాఠీ లేచిందట!" అంటూ పల్చటి ఫైలొకటి ఆయన ముందు పెట్టింది.

ముప్ఫై నాలుగేళ్ల నాటి ఫిర్యాదు. ఇచ్చింది ఒక దర్జీ. ఏడో తారీఖున మార్కెట్ గేటు దగ్గర గొడవ జరుగుతుంటే దుకాణం తలుపు వేసుకుంటున్నాననీ, ఒక కానిస్టేబులు లాఠీతో కొట్టగా కుడి బొటనవేలు విరిగిందనీ రాశాడు. ముఖం చూడలేదట. భుజం మీది ఇత్తడి బిళ్ళ మీద నంబరు మాత్రం చూశాడు: 417. కింద అప్పటి అధికారి ఒక్క ముక్కతో తేల్చేశాడు: 'సదరు తేదీన ఈ నంబరు ఎవరి వద్దా లేదు.'

స్టోరు రిజిస్టరూ అదే చెబుతోంది. ఆ రోజుల్లో మనిషి వెళ్లిపోయినా నంబరు పోయేది కాదు. ఒకరు తిరిగిచ్చిన బిళ్ళని ఇంకొకరికి తగిలించేవారు. పాత 417 ఆ నెల మూడో తారీఖున బిళ్ళ అప్పగించి ఇంటికెళ్లాడు. కొత్తవాడు పదకొండున సంతకం పెట్టి పుచ్చుకున్నాడు. ఆ సంతకం బీరువాదే.

"తర్వాతి 417 మీరేనా!" అమ్మాయి నవ్వింది. "నాలుగు రోజుల తేడాలో బతికిపోయారు, లేకపోతే మీ మెడకి చుట్టుకునేది. రిజిస్టరు సరైందేనని రాసివ్వండి, జడ్జిగారికి పంపేస్తాను."

"రేపిస్తానమ్మా."

"మీరు రేపనడమా! సూర్యుడు పడమట పొడిచాడా ఏంటి?"

రిజిస్టరులో లేని సంగతొకటి ఆయనకి తెలుసు. అప్పటి స్టోరు గుమస్తా కొత్తవాళ్లకి బిళ్ళా ఒక చొక్కా ముందే ఇచ్చేసేవాడు; బూట్లు, బెల్టు, మిగతా బట్టలు అన్నీ వచ్చాకే, అన్నిటికీ కలిపి ఒకే సంతకం తీసుకునేవాడు. కొట్టివేతలు లేని రిజిస్టరంటే అతనికి మహా మురిపెం. ఆ గుమస్తా పోయాడు. మరి తన భుజం మీదికి 417 ఏ రోజు వచ్చింది? ఎంత తవ్వినా అంతుచిక్కలేదు. మార్కెట్ గేటు గుర్తుంది. తోపులాట గుర్తుంది. లాఠీ దేనికో తగిలిన చప్పుడూ గుర్తుంది. అది చెక్క తలుపో, చెయ్యో. అసలది ఆ గొడవో, మరుసటి నెల గొడవో.

ఇంటికెళ్లి భార్యని అడిగాడు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మార్కెట్ దగ్గర గొడవైంది. ఇంటికొచ్చి నీతో ఏమన్నా చెప్పానా?"

"మీరా? చెప్పడమా? ఆఫీసులో బీరువా ఎప్పుడయ్యారో గానీ నాకు మొదటి రోజు నుంచీ బీరువాయే." మళ్లీ తనే అంది. "బిళ్ళ బరువుకి చొక్కా భుజం చిరిగితే నేనే కుట్టిచ్చాను. మీ మేనకోడలు పుట్టిన రోజున ఆ చొక్కాతోనే ఆసుపత్రికి పరిగెత్తారు కదా."

మేనకోడలు పుట్టింది ఆ నెల ఆరో తారీఖున, గొడవకి ముందు రోజు.

విషయమంతా విన్నాక ఆవిడ తల కొట్టుకుంది. "కొట్టారో లేదో మీకే తెలీదు. రిటైరయ్యే ముందు ఈ కంప నెత్తికెత్తుకోవడం దేనికండీ?"

"కొట్టలేదని కూడా తెలీదే," అన్నాడు బీరువా.

మర్నాడు అమ్మాయి వాంగ్మూలం కోసం దర్జీని పిలిపించింది. వరండా బల్ల మీద కూర్చున్నాడు. కత్తెర పట్టలేక చాలా ఏళ్ల కిందటే ఇస్త్రీ పనిలోకి దిగాడట.

"ఆ నంబరే లేదన్నారు సార్," అన్నాడు బీరువాతో. "మా ఆవిడ కూడా, నువ్వే వేలు తలుపులో పెట్టుకుని నలుపుకున్నావేమో అంటుంది. ఇన్నేళ్లు వినీ వినీ నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది."

"నంబరు ఉంది. నా భుజం మీదే ఉంది."

దర్జీ ఆయన్ని కిందికీ పైకీ చూశాడు. "అయితే కొట్టింది మీరేనా?"

"నువ్వు నంబరు సరిగ్గా చదివుంటే నేనే. నాకు మాత్రం గుర్తులేదు. అక్కడ ఓ గొడవలో లాఠీ ఎత్తాను, ఎవరి మీద పడిందో చూడలేదు."

"గుర్తులేదంటే ఎట్లా సార్? నేనిప్పుడు మిమ్మల్ని తిట్టాలా, దణ్ణం పెట్టాలా?"

"నాకూ తెలీట్లేదయ్యా."

ఆయన రాసిచ్చిన కాగితం చదివి అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "బాబాయ్, నేనడిగింది రిజిస్టరు గురించి. ఇది మీ మీద మీరే ఇచ్చుకున్న ఫిర్యాదు! విచారణ మొదలైతే మూడు నెలల్లో తెమలదు. దీన్ని ఏ ఫైల్లో పెట్టమంటారు?"

దర్జీ కల్పించుకున్నాడు. "ఏ ఫైల్లోనైనా పెట్టండమ్మా. ముందొకసారి పైకి చదవండి."

ఆమె చదివింది. ఏడో తారీఖున 417 నంబరు విధుల్లో ఉంది అన్న చోట దర్జీ ఆగమన్నాడు. ఆ ముక్క మళ్లీ చదివించుకున్నాడు. మూడోసారి చదవమని, ఈసారి అటు తిరిగి, గోడకేసి చూస్తూ విన్నాడు. బీరువా పక్కనే నిలబడి ఉన్నాడు. తనని ఉండమంటారో వెళ్లమంటారో ఆయనకి తెలియలేదు.