పచ్చబడ్డ బంగాళాదుంపలు, చందర్లపాడు దారి

మీ మాట వల్ల తలదించుకుని బతుకుతున్న మనిషి ఇంటికి మీరు ఎప్పుడైనా బస్సెక్కి వెళ్ళారా? ఎనభైల మొదట్లో నేను వెళ్ళాను. ముందురోజు జగ్గయ్యపేటలో కూరగాయల కొట్టాయన పచ్చబడ్డ బంగాళాదుంపలు ఏరి మురుక్కాలవలో పోస్తుంటే ఎందుకని అడిగాను. "వెలుతురు తగిల్తే పచ్చబడి చేదెక్కుద్దండి. తింటే వాంతులే," అన్నాడు. చంకలో ఉన్న బైబిలు ఒక్కసారిగా బరువెక్కింది.

అంతకు రెండేళ్ళ ముందు నేను పాస్టరుగా చందర్లపాడులో సువార్త కూటాలు పెట్టాం. బస్తా దుంపలు తెచ్చి, ప్రార్థన పాక అరుగు మీద ఎండలో రోజుల తరబడి వదిలేసింది నేనే. వంట చేసే మరియమ్మ అవి పచ్చబడ్డాయి, పారేద్దామంది. ప్రభువు మిగిలిన రొట్టె ముక్కలు కూడా పారేయనివ్వక ఎత్తించాడని వాక్యం తీసి ఆమె నోరు మూయించాను. తిన్నవాళ్ళు వాంతులతో పడిపోతే, ఆ సాయంత్రమే ఆమెను సభలో నిలబెట్టి, ఆమె దాచిన పాపం వల్లే ఇదని దేవుడు నాకు చెప్పాడంటూ, ఒప్పుకోమని గర్జించాను. అప్పట్నుంచి ఆమె చేతి వంట ఎవరూ ముట్టలేదు.

పొద్దున ఏడింటికి బస్సెక్కాను. నందిగామకు గంట, టికెట్టు మూడు రూపాయల లోపే. అక్కడ చందర్లపాడు బస్సుకు రెండు గంటల పడిగాపులు, కాబట్టి ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఇంకా పెందలాడే బయల్దేరండి. స్టాండు పక్క హోటల్లో పూరీతో బంగాళాదుంప కూర పెట్టారు. ప్లేటు పక్కకు నెట్టి లేచాను.

మరియమ్మ గడపలో కూర్చుని కూలికి మిరపకాయల తొడిమలు తీస్తోంది. కొట్టాయన మాట దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పాను. తలెత్తకుండా వింది. వచ్చే ఆదివారం సభలో తప్పు ఒప్పుకుంటానన్నాను.

"నన్ను నిలబెట్టటానికి ఆదివారం దాకా ఆగలేదుగా అయ్యగారూ," అంది.

రెండింటి తిరుగు బస్సు వదిలేసి ఇల్లిల్లూ తిరిగి అదే చెప్పాను. ఒక పెద్దాయన నవ్వి, "ఆ రోజు దేవుడు చెప్పాడన్నారే. ఇయ్యాల కొట్టాయన చెప్పాడా?" అన్నాడు. నేను పక్కింటి తలుపు తట్టాను. చివరి బస్సుకు వెళ్తూ చూస్తే మరియమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది. తిని వెళ్ళమని అనలేదు. ఎవరినీ పిలిచే అలవాటే పోయిందేమో.

మట్టిలో ఉన్నంతకాలం ఆ దుంప మంచి ఆహారమే. ఎండలో పడేసింది నేను, శిక్ష పడింది ఆమెకు. దుంపలను చీకటి మూలన గోనె కప్పి ఉంచండి, పచ్చబడ్డది వండకండి. మీరు నింద మోపిన మనిషి ఊరికి బస్సుందా? ఆదివారం దాకా ఆగకండి. ఈ రోజే ఎక్కండి.