పన్నెండో కణుపు

పోయినవి మూడు: ఒక కప్పు, చెక్కబోర్డు మీద ఒక పేరు, నా లెక్క మీద నాకున్న నమ్మకం.

సియాటిల్‌లో మా ఇంటి దగ్గరి సరస్సులో ఏటా నీటిని తాకీ తాకనట్టు దూసుకెళ్లే హైడ్రోప్లేన్ పడవల పందెం జరుగుతుంది. మొదటి ఏడాది నుంచి గెలిచినవాళ్ల పేర్లన్నీ క్లబ్బు గోడ మీది బోర్డుపై ఉంటాయి. అక్కడ చుట్లు లెక్కపెట్టే వాలంటీర్‌ని నేను. చదువు తక్కువైనా లెక్క తప్పనని పేరు. నిరుడు లెక్కపెట్టమని నాకిచ్చిన పడవ కరోల్‌ది. అరవై దాటిన ఆమెకు అదే ఆఖరి పందెం. అంతవరకు ఒక్కసారీ గెలవలేదు.

మొత్తం పన్నెండు చుట్లు. నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు కాబట్టి, మన పద్ధతిలో బొటనవేలితో లెక్కిస్తున్నాను. పక్కన నా స్నేహితుడి కూతురు అన్వి పందెమంతా వీడియో తీస్తోంది.

“అంకుల్, కరోల్ ఫస్ట్ వచ్చేసింది! హై ఫైవ్!”

లెక్కపెడుతున్న చెయ్యే చాచి తన అరచేతికి కొట్టాను. బొటనవేలు కణుపు మీంచి లేచిపోయింది.

“ఎన్ని?” అన్నాడు రెఫరీ.

తెలియదనడానికి నామోషీ అనిపించింది. “పదకొండు” అన్నాను.

ఒక చుట్టు ముందే ఆగిందని ఆమెను పక్కనపెట్టి, కప్పు రెండో పడవకిచ్చారు.

కరోల్ హెల్మెట్ తీసి నా భుజం తట్టింది. “నేనే తప్పు లెక్కపెట్టుకున్నాను. నువ్వు పొరబడవు కదా!” అంది.

ఇంటికొచ్చాక అన్వి పంపిన వీడియో చూశాను. పన్నెండే. ఎవరికీ చూపలేదు.

కరోల్ పడవ అమ్మేసింది. ఆమెకు నేను ఇప్పటికీ ఒక చుట్టు బాకీ.